నాకూ ఇదే ఆపరేషన్ అయింది

డాక్టర్ హనుమత్ప్రసాద్ గారికి ఒకే ఒక్క అలవాటు. ఎవరు ఏ ఎముక విరగ్గొట్టుకుని వచ్చినా, ఏ కీలు అరగదీసుకుని వచ్చినా, ఎక్స్‌రే తీసి లైటు ముందు పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "దీనికి భయమెందుకండీ, నాకూ ఇదే ఆపరేషన్ అయింది" అంటారు. మోకాలి మార్పిడికి వచ్చినవాళ్ళతో తన మోకాలి సంగతి, తుంటి విరిగినవాళ్ళతో తన తుంటి సంగతి, భుజం జారినవాళ్ళతో తన భుజం సంగతి. పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో ఆయన ఎముకల ఆస్పత్రి పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో ఆయన ఒంట్లో ఆపరేషన్ కాని ఎముకంటూ మిగల్లేదు.

నిజం చెప్పాలంటే, గడ్డం గీసుకునేటప్పుడు పడ్డవి తప్ప ఆయన ఒంటి మీద గాటన్నదే లేదు. ఒకసారి కాల్లో మేకు గుచ్చుకుని ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకోవాల్సి వచ్చింది. దానికోసం భార్య హైమవతి గారిని ఇంటినుంచి పిలిపించి, ఆవిడ చెయ్యి పట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని, సూది ఇంకా ట్రేలో ఉండగానే "అయిపోయిందా" అని మూడుసార్లు అడిగారు. ఆ సూది వేసింది హెడ్ నర్సు జీవమణి. అందుకని డాక్టర్ గారి ఆపరేషన్ల అసలు రంగు అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే.

జీవమణిది అమీర్‌పేట. రోజూ పొద్దున్నే మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ దూరం వచ్చి దిగుతుంది. ఆవిడ అబద్ధమాడదు. కొడుకు గిడియన్ చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి సెలవు చీటీ రాసిమ్మంటే, "మా వాడికి ఈరోజు బడికి రావాలని లేదు" అని రాసి సంతకం పెట్టిచ్చిన తల్లి. అలాంటి మనిషికి పందొమ్మిదేళ్ళుగా ఇలాంటి డాక్టర్ పక్కన ఉద్యోగం రాసిపెట్టి ఉంది. మొదట్లో ఆవిడ గొడవపడింది. తరవాత ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. ఆయన చెప్పేదానికి ఆవిడ ఔననదు, కాదనదు. పేషెంటు గొంతు తగ్గించి, "నిజంగా సార్‌కి అయిందా సిస్టర్?" అని అడిగితే, "చెయ్యివ్వండి, బీపీ చూస్తా" అంటుంది. అనుమానం ఎక్కువున్న పేషెంట్లకి ఆ ఆస్పత్రిలో రోజుకి ఏడుసార్లు బీపీ చూసిన సందర్భాలున్నాయి.

"సార్ చెప్పేవన్నీ నిజమే అయితే," అని ఆవిడ ఒకసారి నర్సుల గదిలో లెక్కకట్టింది, "ఇప్పటికి కుడి మోకాలు నూట ఎనభైసార్లు మార్చి ఉండాలి. అంత ఇనుముతో మెట్రో స్టేషన్‌లో అడుగుపెడితే అక్కడి తనిఖీ గుమ్మం సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుంది."

మాటతో ఆగితే హనుమత్ప్రసాద్ గారు ఎందుకవుతారు. మాటకి తగ్గట్టు కుంటేవారు కూడా. పొద్దున రౌండ్లకి బయల్దేరితే మొదటి గదిలో కుడికాలు ఈడుస్తారు, రెండో గదిలో ఎడమ తుంటి పట్టుకుని నిట్టూరుస్తారు, మూడో గదిలో చెయ్యి పైకెత్తలేక ఫ్యాను స్విచ్చి సిస్టర్‌ని వెయ్యమంటారు. గదికీ గదికీ మధ్య వరండాలో మాత్రం పదహారేళ్ళ కుర్రాడిలా నడుస్తారు. ఒకసారి ఒకే గదిలో కుడి మోకాలాయన ఒక మంచం మీదా, ఎడమ మోకాలాయన పక్క మంచం మీదా పడ్డారు. ఎటు కుంటాలో తోచక, డాక్టర్ గారు ఆ వారమంతా ఏ కాలూ వంచకుండా కొయ్యబొమ్మలా ఆ గదిలో తిరిగారు. వాళ్ళిద్దరూ ఆయన వెళ్ళాక, "పాపం, ఈయనకి మనకంటే ఎక్కువైంది" అని జాలిపడ్డారు.

చలపతిరావు గారని రిటైరైన హెడ్‌మాస్టర్ కుడి భుజానికి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు, డాక్టర్ గారు ఆయన గదిలోనే కూర్చుని ఎడమ చేత్తో టిఫిను తినడం మొదలుపెట్టారు. వారం రోజులు ఉప్మా సగం నోట్లోకీ, సగం చొక్కా మీదికీ వెళ్ళింది. వసుమతి గారని తుంటి మార్పిడికి వచ్చినావిడ మంచం దగ్గరైతే పావుగంట నిలబడి గుత్తివంకాయలో కొబ్బరి ఎప్పుడు వెయ్యాలో అడిగి తెలుసుకునేవారు. ఇది తిండియావ అని జీవమణి తీర్మానించింది.

ఇన్ని కాళ్ళూ చేతులూ గుర్తుంచుకోవడానికి ఆయన జేబులో ఎర్ర అట్ట డైరీ ఒకటుండేది. గదిలోకి అడుగుపెట్టేముందు తలుపు దగ్గర ఆగి, అందులో చూసుకుని, అప్పుడు కుంటడం మొదలుపెట్టేవారు. అబద్ధానికి కూడా రిజిస్టరు పెట్టిన మనిషిని ఈయన్నే చూశానని జీవమణి అనుకునేది.

హైమవతి గారి బాధ వేరు. అమీర్‌పేటలో చీరల కొట్టుకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా, ఎవరో ఒకరు వచ్చి చేతులు పట్టుకుని, "ఎలా భరిస్తున్నారమ్మా, ఆయనకి అన్ని ఆపరేషన్లటగా" అని కళ్ళొత్తుకునేవారు. ఆవిడ మాత్రం ఎప్పుడూ ఒకే మాట అనేది. "ఎముకల డాక్టరయ్యారు కాబట్టి సరిపోయింది. కాన్పుల డాక్టరైతే నాకూ కవలలే పుట్టారండీ అనేవారు."

ఆ ఆస్పత్రిలో రెండో సర్జన్ డాక్టర్ మంజూష. హనుమత్ప్రసాద్ గారి దగ్గరే పని నేర్చుకుంది, చెయ్యి చాలా మంచిది. కానీ ఆవిడ నోటివెంట లెక్క తప్ప ఇంకోటి రాదు. "నూటికి తొంభై ఎనిమిది మందికి పూర్తిగా బాగవుతుంది" అని ఆవిడ ధైర్యం చెబుతుంది. విన్న ప్రతివాడూ తెల్లమొహం వేసి, "మిగతా ఇద్దరి సంగతేంటి డాక్టర్ గారూ?" అంటాడు. ఆ ఇద్దరూ తామేనని వాళ్ళందరికీ గట్టి నమ్మకం. అప్పుడు పెద్దాయన కుంటుకుంటూ లోపలికొచ్చి సంతకం పెట్టించేవారు.

అలా సాఫీగా సాగిపోతున్న ఆయన కుంటినడకకి రాజనర్సయ్య అడ్డం పడ్డాడు.

రాజనర్సయ్యకి సనత్‌నగర్‌లో చిన్న లేత్ వర్క్‌షాపుంది. అరవై రెండేళ్ళు. కుడి మోకాలు అరిగి అరిగి కాలు విల్లులా వంగిపోయింది. ఎక్స్‌రే చూసి, కళ్ళజోడు పైకి తోసి, డాక్టర్ గారు మామూలు మాటే అన్నారు. రాజనర్సయ్య తల ఊపాడు.

"గీ మోకాలే అయిందా సారు మీకు?"

"ఇదే. కుడిదే."

"మచ్చ జర చూపించుండ్రి."

ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగని మాట అది. జీవమణి అలవాటుకొద్దీ బీపీ మిషను చేతిలోకి తీసుకుంది గానీ, అడిగింది తనని కాదు. డాక్టర్ గారు గొంతు సవరించుకుని, మచ్చ ఇప్పుడు చూస్తే లేనిపోని భయం పట్టుకుంటుందని, ఒక పని చేద్దామని అన్నారు. ఆపరేషనైన మూడు నెలలకి రాజనర్సయ్య గారు లిఫ్టు కాకుండా మెట్లెక్కి రెండో అంతస్తులో తన గదికి రావాలి. అప్పుడు ఇద్దరి మచ్చలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

"మాట గద సారు?"

"మాట."

ఆపరేషన్‌రోజు ఇంకో విచిత్రం జరిగింది. ఈ ఆపరేషన్‌కి నడుములో మత్తు సూది ఇస్తారు. నడుము కిందంతా మొద్దుబారుతుంది గానీ మనిషికి మెలకువగానే ఉంటుంది. రంపం తియ్యగానే హనుమత్ప్రసాద్ గారు ఎలుగెత్తి పదమూడో ఎక్కం పాడటం మొదలుపెట్టారు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు ఇంకా పెంచారు. అంతకుముందు థియేటర్‌లో ఆయన ఈల కూడా వేసి ఎరుగరు. మాస్కు వెనక మంజూష పళ్ళు కొరుక్కుంది. పెద్దాయనకి చాదస్తం ముదిరిందని జీవమణి ఖాయం చేసుకుంది.

సరిగ్గా మూడు నెలలకి, ఒక గురువారం పొద్దున, డాక్టర్ గారు కిటికీలోంచి కిందికి చూసి ఉలిక్కిపడ్డారు. రాజనర్సయ్య ఆటో దిగి, కర్ర లేకుండా, కాలు చక్కగా వేస్తూ గేటు లోపలికి వస్తున్నాడు.

"సిస్టర్, నేను లేనని చెప్పండి."

"ఉన్నారు కదా సార్."

"అయితే ఉండను" అని ఆయన వెనక మెట్ల వైపు పరిగెత్తారు.

వెనక మెట్ల మీద, ఎడమ తుంటి ఆపరేషనై పది రోజులైన వసుమతి గారు చేతికర్ర పట్టుకుని మెట్లెక్కడం నేర్చుకుంటున్నారు. రెండేసి మెట్లు దూకుతూ వస్తున్న డాక్టర్ గారికి ఆవిడ కనబడింది. ఆవిడ దగ్గర తనకి ఎడమ తుంటి అని గుర్తొచ్చింది. వెంటనే ఎడమవైపు కుంటబోయారు. కుంటాలన్నా నేల మీద ఒక కాలుండాలి. ఆ క్షణంలో ఆయనవి రెండూ గాల్లోనే ఉన్నాయి. వచ్చి మెట్టు అంచుకి కుడి మోకాలు కొట్టుకుని పడ్డారు.

"అదే కాలా డాక్టర్ గారూ?" అని వసుమతి గారు కంగారుపడ్డారు.

"కాదండీ, ఇది రెండోది" అన్నారాయన, అంత నొప్పిలోనూ.

చప్పుడు విని జీవమణి వచ్చింది, ఆవిడ వెనకే రాజనర్సయ్య వచ్చాడు. ఎక్స్‌రే గదిలో ప్యాంటు కత్తిరించాక, వాచిన ఆ మోకాలి మీద గీతన్నది లేకపోవడం రాజనర్సయ్య కళ్ళారా చూశాడు. తన ప్యాంటు పైకి లాగి జానెడు మచ్చ చూసుకున్నాడు. మళ్ళీ డాక్టర్ గారి మోకాలు చూశాడు.

"మచ్చ లేదు గద సారు."

హనుమత్ప్రసాద్ గారు గోడవైపు చూశారు.

"పోనీ తియ్యుండ్రి," అన్నాడు రాజనర్సయ్య. "ఇగ ఐతది గదా."

మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ముక్కల మధ్య బొటనవేలంత ఎడం వచ్చింది. తీగ వేసి బిగించాలని, లేకపోతే కాలు తనంత తాను చాచలేరని మంజూష చెప్పింది. కాలు చాచలేని మనిషి థియేటర్‌లో మూడు గంటలు నిలబడలేడు. అంటే హనుమత్ప్రసాద్ గారు మళ్ళీ కత్తి పట్టుకోరన్నమాట. ఆ సంగతి గదిలో అందరికంటే బాగా ఆయనకే తెలుసు. తెలిసీ, సిమెంటు కట్టు వేసి నాలుగు రోజులు చూద్దామన్నారు.

"సార్, నూటికి తొంభై ఎనిమిది మందికి..."

"ఆ ఇద్దరి సంగతేంటమ్మా?" అన్నారాయన.

గురువారం గడిచింది. శుక్రవారం ఆయన షుగరు మళ్ళీ చూడమన్నారు. సాయంత్రానికి థియేటర్‌లో ఏసీ ఏదో చప్పుడు చేస్తోందన్నారు. శనివారం పొద్దున, శనివారం గనక వద్దన్నారు. హైమవతి గారు బతిమాలారు, కోప్పడ్డారు, ఆఖరికి మాట్లాడటం మానేశారు. రోజులు గడిచేకొద్దీ ముక్కలు కలపడం కష్టమవుతుందని మంజూష చెప్పింది. ఆయన దుప్పటి మెడదాకా లాక్కున్నారు.

మధ్యాహ్నం జీవమణిని పిలిచి ఎర్ర డైరీ చేతిలో పెట్టారు. తన చేత ఆపరేషన్ చేయించుకోవడానికి పదకొండు మంది ఎదురుచూస్తున్నారని, వాళ్ళని మంజూషకి అప్పజెప్పమని, ఈ డైరీ కూడా ఆమెకే ఇమ్మని చెప్పారు. "లెక్కలు చెప్పొద్దనండి సిస్టర్. ఇందులో ఉన్నది చూసి మాట్లాడమనండి." ఆ గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. కత్తి కింద పెట్టేసిన మనిషి గొంతది.

జీవమణి వరండాలో నిలబడి డైరీ తెరిచింది. ప్రతి పేజీలో మూడు గడులున్నాయి. మొదటిది పేరు. రెండోది ఏ కాలో, ఏ చెయ్యో. ఇంతవరకూ ఆవిడ ఊహించిందే. మూడో గడి సంగతే ఆవిడకి తెలియదు.

"రాజనర్సయ్య. కుడి మోకాలు. రంపం, సుత్తి, డ్రిల్లు ముప్పై ఏళ్ళుగా ఇతని చేతిలోవే. అవి ఏం చేస్తాయో తెలుసు కనక చప్పుడు వినాలంటే భయం. చప్పుడు వినబడకూడదు. పాటలు రావు, ఎక్కం చదవాలి."

"చలపతిరావు. కుడి భుజం. ఒకరి చేత తినిపించుకోవాలంటే సిగ్గు. ఎడమ చేత్తో తింటే అందరూ నవ్వుతారని బాధ. ముందు నేను తినాలి, నేను ఒలకబోసుకోవాలి."

"వసుమతి. ఎడమ తుంటి. ఆపరేషన్ భయం లేదు. తన వంట లేకుండానే ఇల్లు నడిచిపోతుందేమోనని భయం. రోజూ ఒక కూర అడగాలి."

ఇలా ఒకటా రెండా. ఇరవై రెండేళ్ళలో ఇది ఎన్నో డైరీయో. ఎవరికీ చెప్పుకోలేని భయాలన్నీ కుదురైన అక్షరాలతో అందులో రాసున్నాయి. జీవమణికి సిగ్గేసింది. పందొమ్మిదేళ్ళు ఆయన పక్కనే నడిచింది, ఆయన ఏ కాలు కుంటుతున్నారో చూసింది తప్ప ఎందుకు కుంటుతున్నారో చూడలేదు. మంజూష గదిదాకా వెళ్ళి, తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగింది. ఖాళీ పేజీ తీసి తన పెన్నుతో రాసింది. "హనుమత్ప్రసాద్. కుడి మోకాలి చిప్ప." మూడో గడిలో ఇలా రాసింది. "ఈయనకంటే ముందు వెళ్ళొచ్చి, నాకూ అయిందని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు."

గదిలో రాజనర్సయ్య మూడు రోజుల్నుంచీ వచ్చి కూర్చుంటున్నట్టే కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. "నాకైతే ఏ చప్పుడు వినపడలే సారు," అంటున్నాడు. "మీరు అంత గట్టిగ పాడుతుంటే ఇంకేం వినపడ్తది. పదమూడో ఎక్కం నాకు గప్పుడే వచ్చింది." డాక్టర్ గారు నవ్వలేదు.

జీవమణి మంచం దగ్గరికొచ్చి నిలబడింది. యాభై రెండేళ్ళ వయసులో మొదటిసారి ఆ పని చెయ్యబోతోంది.

"దీనికి భయమెందుకు సార్," అంది. "నాకూ ఇదే ఆపరేషన్ అయింది."

రాజనర్సయ్య చేతిలో బత్తాయి తొన ఆగిపోయింది. హనుమత్ప్రసాద్ గారు దుప్పటి కిందికి జరిపి ఆవిడ మొహంలోకి చూశారు.

"ఏ కాలు?"

"కుడి."

"ఎప్పుడు?"

అంతదాకా ఆవిడ ఆలోచించుకోలేదు.

"చెయ్యివ్వండి సార్, బీపీ చూస్తా."

ఆయన చెయ్యిచ్చారు. పట్టీ చేతికి చుట్టి ఆవిడ గాలి కొడుతోంది. ఆయన ఇరవై రెండేళ్ళుగా వేలమంది తనని అడిగిన ప్రశ్నే అడిగారు.

"నొప్పి ఉంటుందా సిస్టర్?"

"రెండు రోజులు," అంది జీవమణి. అది కూడా ఆయన జవాబే. "మూడో రోజు మీరే టీ అడుగుతారు."

"మంజూషని పిలవండి" అన్నారాయన.

ఆవిడ గబగబా తలుపుదాకా వెళ్ళి, గుర్తొచ్చి, కొంచెం కుంటింది. వెనకనుంచి డాక్టర్ గారి గొంతు వినబడింది. "సిస్టర్, కుడి కాలన్నారు. మీరు ఎడమది కుంటుతున్నారు."

ఆ సాయంత్రమే ఆపరేషన్ జరిగింది. మత్తు సూదికి ఆయన హైమవతి గారి చెయ్యి పట్టుకుని మూడుసార్లు "అయిపోయిందా" అన్నారు. డ్రిల్లు మొదలవగానే జీవమణి పదమూడో ఎక్కం ఎత్తుకుంది. పదమూడెనిమిదులు నూట రెండు అనగానే తెర వెనకనుంచి "నూట నాలుగు" అని వినబడింది. "ఇద్దరూ కాస్త ఊరుకుంటారా" అని మంజూష విసుక్కుంది గానీ, ఆవిడ కూడా చివరి రెండు వరసలూ గొణిగిందని మత్తు డాక్టర్ తరవాత చెప్పాడు.

మూడో రోజు ఆయన టీ అడిగారు.

ఇప్పుడు హనుమత్ప్రసాద్ గారు మళ్ళీ థియేటర్‌లో మూడు గంటలు నిలబడుతున్నారు. ఆ పదకొండు మందికీ ఆయనే ఆపరేషన్లు చేశారు. మొదట రాజనర్సయ్యని పిలిపించి మచ్చలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. మీది చిన్నది సారు అని రాజనర్సయ్య తేల్చాడు. దానికి ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. నిజం మచ్చ ఒకటి వచ్చింది కాబట్టి ఇకనైనా మారతారని హైమవతి గారు ఆశపడ్డారు. మారడం దేవుడెరుగు, భుజానికొచ్చినవాళ్ళకీ, మోచేతికొచ్చినవాళ్ళకీ కూడా ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపిస్తున్నారు. వీలున్నప్పుడల్లా కారు మానేసి మెట్రో ఎక్కుతున్నారు. తనిఖీ గుమ్మం మోగితే ఛాతీ విరుచుకుని నిలబడుతున్నారు. అది జేబులో తాళంచెవులకి మోగిందని పోలీసాయన చెప్పినా ఒప్పుకోవడం లేదు.

డాక్టర్ గారి ఆపరేషనైన మర్నాడే, ఆదివారం, అమీర్‌పేటలో చర్చికెళ్ళి జీవమణి మోకరించింది. యాభై రెండేళ్ళలో ఆడిన ఒకే ఒక్క అబద్ధానికి క్షమించమని ప్రభువుని అడిగింది. సోమవారం ఒకామె మణికట్టు ఆపరేషన్‌కి వస్తోందనీ, ఆమెకి సూదులంటే చచ్చేంత భయమనీ గుర్తొచ్చి, మళ్ళీ ఆడనని మాత్రం మాటివ్వలేదు.